షెడ్డులో కరెంటు ఎంత కాలుతోంది? ఏ మీటరు ఎవరికి పనికొస్తుంది

మా ఇల్లు విశాఖ మర్రిపాలెంలో. కింద మేం, పైన అద్దెకున్నవాళ్లు, ఇంటికి ఆనుకుని రేకుల షెడ్డు. అందులో ఒక హార్స్‌పవర్ మోటారుతో చెక్క లేతు (చెక్కని గిర్రున తిప్పుతుంటే ఉలితో చెక్కే మిషను), బెంచి గ్రైండరు, రంపం మిషను, ఇన్వర్టర్ వెల్డింగు మిషను, రెండు హార్స్‌పవర్ కంప్రెషర్ ఉన్నాయి. వ్యాపారం కాదు. సాయంత్రాలూ ఆదివారాలూ అప్పడాల కర్రలు, మంచం కోళ్లు తిప్పుకుంటాను. చుట్టాలింట్లో గేటు గడియ ఊడితే అతికి పెడతాను.

కరెంటు బిల్లు వచ్చిన రోజు మా ఆవిడ "మీ లేతు వల్లే" అంటుంది, నేను "ఏసీ వల్ల" అంటాను. ఇద్దరివీ ఊహలే. ఆ గొడవ తేల్చుకోవడానికి కొన్నిటిని కొన్నాను, కొన్నిటిని అడిగి తెచ్చుకున్నాను. వాటిలో రెండు నాకు అక్కర్లేదని డబ్బు పెట్టాకే తెలిసింది. మీరు కూడా ఇంటి పక్క షెడ్డులో ఏదో ఒకటి నడుపుతూ "ఇదెంత తింటోందో" అనుకునేవాళ్లయితే, షాపుకెళ్లే ముందు కింది నాలుగు సంగతులు చూసుకోండి.

## కొనే ముందు తేల్చుకోవలసినవి

మీ ప్రశ్న ఏమిటి? చూడ్డానికి ఒకేలా ఉంటాయి గానీ ఇవి మూడు వేర్వేరు ప్రశ్నలు. షెడ్డు మొత్తానికి నెలకెన్ని యూనిట్లు? ఏ మిషను ఎంత లాగుతుంది? ఏ వేళలో లాగుతోంది? అన్నదమ్ములు ఒకే సర్వీసు మీద ఉండి బిల్లు పంచుకుంటుంటే మొదటి ప్రశ్న. చేసే వస్తువుకి ధర కట్టాలంటే రెండోది. నేను లేనప్పుడు కూడా మీటరు తిరుగుతోందేమో అన్న అనుమానముంటే మూడోది. చాలామంది రెండో ప్రశ్నకి పనికొచ్చే వస్తువు కొనేసి, మొదటి దానికి జవాబు రాలేదని విసుక్కుంటారు.

ఆంప్సా, వాట్లా? మోటారు ఉన్నచోట ఇది పెద్ద తిరకాసు. బల్బుకో హీటరుకో అయితే వోల్టేజీని ఆంప్స్‌తో గుణిస్తే వాట్లు వచ్చేస్తాయి. మోటారుకి అలా రాదు, పవర్ ఫ్యాక్టర్ (లాగిన దాంట్లో నిజంగా పనికి వెళ్లే వాటా) మధ్యలో దూరుతుంది. మా లేతు చెక్క పెట్టకుండా ఉత్తినే తిరుగుతున్నప్పుడు 3.8 ఆంప్స్ చూపిస్తుంది. 230తో గుణిస్తే 874. అసలు వాట్లు కొలిస్తే 290 చిల్లర. అంటే మూడో వంతు. మన ఇంటి మీటరు యూనిట్లు లెక్కేసేది వాట్లను బట్టే గాని ఆంప్స్‌ను బట్టి కాదు. అందుకే "ప్లగ్గులో పెడితే బిల్లు సగానికి సగం తగ్గుతుంది" అని అమ్మే కెపాసిటర్ డబ్బాలు ఇళ్లకి పనికిరావు. అవి ఆంప్స్ తగ్గించొచ్చు, కాని మనం కట్టేది ఆంప్స్‌కి కాదు కదా.

స్టార్టింగు దెబ్బకి తట్టుకుంటుందా? మోటారు ఆన్ చేసిన క్షణంలో మామూలు కరెంటుకి ఐదారు రెట్లు లాగుతుంది. కంప్రెషర్‌దైతే ట్యాంకులో గాలి ఉండగా మొదలైతే మరీను. ఫోను ఛార్జర్లకి, టీవీలకి తయారైన సామాను ఇక్కడ ఎక్కువ కాలం బతకదు.

ఉప్పుగాలి, రంపపు పొట్టు. విశాఖలో రాగి తీగ చివర విప్పి ఒక వర్షాకాలం వదిలేస్తే చిలుము పట్టి పచ్చబడుతుంది. స్క్రూ కింద చిలుము పడితే అక్కడ వేడి పుడుతుంది. చెక్క పని చేసే షెడ్డులో వేడి స్క్రూ పక్కనే మెత్తటి పొట్టు ఉంటుంది. కాబట్టి గోడకి బిగించేది ఏదైనా రబ్బరు అంచున్న మూతగల డబ్బాలో ఉండాలి, వైర్లు ఆ డబ్బాలోకి కింద నుంచే దూరాలి.

ధర గురించి ప్రత్యేకంగా రాయడం లేదు, పట్టికలో వేశాను. ఈ సామాన్లలో చాలావరకు వెయ్యీ రెండు వేల మధ్యే ఉంటాయి, ఎంపిక తేలేది అక్కడ కాదు.

## షెడ్డు యూనిటు ధర మీరనుకుంటున్నది కాదు

బిల్లుని యూనిట్లతో భాగించి "సగటున నాలుగున్నర పడుతోంది, షెడ్డుకీ అంతే" అనుకుంటాం. తప్పు. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో వచ్చిన ఇళ్ల టారిఫ్ మెట్లు మెట్లుగా ఉంటుంది: మొదటి 30 యూనిట్లకి రూ. 1.90, 75 దాకా రూ. 3, 125 దాకా రూ. 4.50, 225 దాకా రూ. 6, 400 దాకా రూ. 8.75, ఆపైన రూ. 9.75.

ఇంటికి 200 యూనిట్లు, షెడ్డుకి 60 అనుకోండి. ఇంటి 200కి ఎనర్జీ ఛార్జీ రూ. 867, అంటే యూనిటుకి సుమారు రూ. 4.34. ఆ లెక్కన షెడ్డు 60కి రూ. 260 రావాలి. కానీ షెడ్డు లేకపోయినా ఇల్లు ఆ 200 ఎలాగూ వాడుకుంటుంది కాబట్టి, షెడ్డు యూనిట్లు పై మెట్ల మీదే కూర్చుంటాయి. 25 యూనిట్లు ఆరు రూపాయల మెట్టులో, 35 యూనిట్లు రూ. 8.75 మెట్టులో. మొత్తం రూ. 456.25. ఫిక్స్‌డ్ ఛార్జీలు, సర్దుబాటు ఛార్జీలు ఇందులో కలపలేదు. మెట్లు మారుతుంటాయి కాబట్టి మీ తాజా బిల్లు ముందు పెట్టుకుని లెక్కేసుకోండి, పద్ధతి మాత్రం ఇదే.

బిల్లు పంచుకునే అన్నదమ్ములకి ఇక్కడే తగవు వస్తుంది. సగటు కడితే షెడ్డు వాడే తమ్ముడికి లాభం, పై మెట్టు కడితే ఇంట్లో ఉండే అన్నకి లాభం. ఏ మీటరూ ఆ తగవు తీర్చదు. ముందే కూర్చుని ఒప్పుకోండి.

## ఒక్క చూపులో

| సాధనం | దేనికి పనికొస్తుంది | అసలు వాట్లు చూపిస్తుందా | బిగించడం | సుమారు ఖర్చు |
|---|---|---|---|---|
| ఇంటి సర్వీసు మీటరు | షెడ్డు మొత్తం, ఒక్కో మిషను, అనుమానాలు | అన్నీ చూపవు, మనమే లెక్కకట్టాలి | ఏమీ అక్కర్లేదు | సున్నా |
| ప్లగ్గు వాట్ మీటరు | ఒక్కో మిషను | చూపిస్తుంది | ప్లగ్గులో పెట్టడమే | వెయ్యికి అటూ ఇటూ |
| స్మార్ట్ ప్లగ్ | ఒక మిషను, వేళలతో సహా | ఎనర్జీ మానిటరింగ్ ఉన్న రకమైతేనే | ప్లగ్గు, వైఫై | వెయ్యి నుంచి పదిహేను వందలు |
| టంగ్ టెస్టర్ | ఓవర్‌లోడు, లీకేజీ వెతకడం | మామూలువి చూపవు | చేత్తో పట్టుకోవడమే, జాగ్రత్తగా | వెయ్యి నుంచి మూడు వేలు |
| సబ్ మీటరు | షెడ్డు మొత్తం. మంచిదైతే మిషన్లు కూడా | రకాన్ని బట్టి | ఎలక్ట్రీషియన్ | మీటరు, డబ్బా, కూలి కలిపి రెండు మూడు వేలు |
| సీటీ కాయిల్ మానిటర్ | మొత్తం, వేళలు, గ్రాఫులు | చూపిస్తుంది | ఎలక్ట్రీషియన్, వైఫై | సొంతంగా చేస్తే పదిహేను వందలు, కొంటే చాలా ఎక్కువ |

## ఇంటి మీటరు: ఉన్నదాన్ని ముందు వాడండి

సర్వీసు మీటరు మీద ఒక ఎర్ర లైటు టకటకా కొట్టుకుంటూ ఉంటుంది. ఆ లైటు పక్కనే 3200 అనో 1600 అనో అంకె ఉంటుంది. ఒక యూనిటు (వెయ్యి వాట్లు గంటసేపు) కాలేలోపు ఆ లైటు అన్నిసార్లు కొట్టుకుంటుందన్నమాట. ఇంట్లో అన్నీ కట్టేసి షెడ్డులో ఒక్క మిషను నడిపి, పది మెరుపులకి ఎన్ని సెకన్లు పట్టిందో ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టి చూడండి. మొదటి మెరుపుని ఒకటి అనకుండా సున్నా అనాలి. 3200 మీటరైతే 11,250ని ఆ సెకన్లతో భాగించండి, 1600 మీటరైతే 22,500ని. వచ్చేది వాట్లు. మా లేతు ఉత్తినే తిరిగినప్పుడు పది మెరుపులకి 38 సెకన్లు పట్టింది, అంటే 296 వాట్లు. పైసా ఖర్చు లేదు. పైగా బిల్లు వేసే మీటరే ఇది, దీని మాటే చెల్లుతుంది.

ఇబ్బందల్లా ప్రతిసారీ ఇంట్లో ఫ్రిజ్జూ ఫ్యాన్లూ కట్టించడం. ఎండాకాలం మధ్యాహ్నం అది జరిగే పని కాదు.

కానీ నాకు అన్నిటికంటే ఎక్కువ చెప్పింది ఈ లైటే. ఒక సంక్రాంతికి పైవాళ్లు పది రోజులు ఊరెళ్లారు. తిరిగొచ్చాక ఆ అబ్బాయి దిగొచ్చి, "అంకుల్, మేం పది రోజులు లేం, ఫ్రిజ్జు కూడా కట్టేసే వెళ్లాం. బిల్లు ఏటండి ఇలా ఉంది?" అన్నాడు. ఇద్దరం మెట్ల కింద మీటర్ల దగ్గర నిలబడ్డాం. పైవాళ్ల మెయిన్ కట్టేయించాను. లైటు ఆగిపోయింది. "మీటరు బాగానే ఉంది బాబూ" అంటుండగా షెడ్డులో మా మేనల్లుడు లేతు ఆన్ చేశాడు. మెయిన్ కట్టేసి ఉన్న పైవాళ్ల మీటరు మళ్లీ కొట్టుకోవడం మొదలెట్టింది. లేతు ఆపమంటే ఆగింది. వేయమంటే కొట్టుకుంది. మా మీటరూ దానితోపాటే.

సంగతేమిటంటే, షెడ్డుకి లైను లాగినప్పుడు ఎలక్ట్రీషియన్ ఫేజు (కరెంటు వచ్చే వైరు) మా బోర్డు నుంచి తీసుకుని, న్యూట్రల్ (తిరిగి వెళ్లే వైరు) దగ్గరగా ఉందని పైవాళ్ల లైనులోంచి కలిపేశాడు. అడిగితే "న్యూట్రల్ ఎక్కడిదైనా న్యూట్రలే కదా మాస్టారూ" అన్నాడు. కాదు. మన దగ్గరి మీటర్లు ఫేజులోనూ న్యూట్రల్‌లోనూ కరెంటు కొలుస్తాయి, రెండిట్లో ఏది ఎక్కువైతే దాన్ని లెక్కకి తీసుకుంటాయి. దొంగతనం పట్టడానికి పెట్టిన ఏర్పాటు అది. ఫేజు ఒక మీటరులోంచి, న్యూట్రల్ ఇంకో మీటరులోంచి వెళితే ఒకే యూనిటు రెండు మీటర్లలోనూ పడుతుంది. రెండు మీటర్ల మీదా "ఎర్త్" అన్న చిన్న లైటు వెలిగింది, అప్పటిదాకా అది దేనికో ఎవరమూ పట్టించుకోలేదు. పైవాళ్లకి నాలుగు నెలల అద్దెలో తగ్గించి సర్దుకున్నాం.

కాబట్టి ఒకే ఇంట్లో రెండు సర్వీసులుంటే ఏ సాధనమూ కొనక ముందే ఈ పరీక్ష చేయండి. అడ్డంగా కలిసిన న్యూట్రల్ ఉండగా ఇంకే మీటరు పెట్టినా లెక్క తేడాగానే వస్తుంది.

## ప్లగ్గు వాట్ మీటరు

గోడ సాకెట్‌కీ మిషను ప్లగ్గుకీ మధ్య పెట్టే చిన్న డబ్బా. వోల్టేజీ, ఆంప్స్, వాట్లు, పవర్ ఫ్యాక్టర్, యూనిట్లు అన్నీ చూపిస్తుంది. కొంటే 16 ఆంప్స్‌దే కొనండి, 6 ఆంప్స్‌ది షెడ్డులోకి తేవద్దు. పవర్ ప్లగ్గు మూడు లావుపాటి పిన్నులూ సాకెట్లో బిగుతుగా కూర్చోవాలి. అడాప్టర్ మీద అడాప్టర్ పెట్టి వెల్డింగు మిషను తగిలించకండి.

దీంతో నేను నేర్చుకున్నది ధర కట్టడం. అప్పడాల కర్ర ఒకటి తిప్పడానికి లేతు మీద ఇరవై నిమిషాలు పడుతుంది. ఉలి ఆడేటప్పుడూ ఆగేటప్పుడూ కలిపి సగటున 450 వాట్లు. అంటే 0.15 యూనిటు. రూ. 8.75 మెట్టులో వేసినా రూపాయి ముప్పై పైసలు. "కరెంటు ఖర్చే బోల్డంత" అని ధర చెప్పే నాకు కాస్త సిగ్గేసింది. ఖర్చంతా కర్రలోనూ చేతిలోనూ ఉంది. ఏటికొప్పాక బొమ్మలు తిప్పే అంకుడు కర్ర లాంటిదైతే కర్ర ధర ముందు కరెంటు లెక్కలోకే రాదు.

వెల్డింగు లెక్క వేరు. 100 ఆంప్స్ సెట్టింగులో ఆర్క్ వెలుగుతున్నంతసేపూ మిషను మూడు కిలోవాట్లకి దగ్గరగా లాగుతుంది. కానీ గంట పనిలో రాడ్డు నిజంగా కాలేది పావుగంటే. మిగతా సమయం కొలతలు, క్లాంపులు, గీకడం. గంటకి ముప్పావు యూనిటు లోపే.

ఒకసారి అన్ని మిషన్లూ కొలిచేశాక ఈ డబ్బాకి పని ఉండదు. నాదిప్పుడు వీధిలో నలుగురి ఇళ్లు తిరుగుతోంది. మీకూ అలాంటి పొరుగువాడుంటే కొనక్కర్లేదు.

## స్మార్ట్ ప్లగ్: షెడ్డుకి నేను వద్దంటాను

ఇంట్లో గీజరుకో ఫ్రిజ్జుకో బాగుంటుంది. ఫోనులో గంటగంటకీ లెక్క చూపిస్తుంది, మూడో ప్రశ్నకి జవాబిస్తుంది. విప్రో, టీపీ-లింక్ లాంటి కంపెనీలవి దొరుకుతాయి. అన్ని స్మార్ట్ ప్లగ్గులూ కరెంటు కొలవవు, పెట్టె మీద ఎనర్జీ మానిటరింగ్ అని ఉందో లేదో చూడాలి.

షెడ్డు సంగతి వేరు. లోపలి రిలే (కరెంటుతో పడే చిన్న స్విచ్చు) మోటారు స్టార్టింగు దెబ్బలకి అతుక్కుపోవచ్చు. అప్పుడు ఫోనులో ఆఫ్ అని ఉన్నా కరెంటు పోతూనే ఉంటుంది. హుద్‌హుద్ తుపానులో రేకులు లేచిపోయాక మా షెడ్డుకి పైకప్పూ మూడు వైపులా ఇనుప రేకే వేయించాను. ఇంట్లో వైఫై ఆ రేకు దాటి రాదు.

అసలు భయం ఇంకోటి. ఒకరోజు లేతుకి దీన్ని తగిలించి పని చేస్తుండగా కరెంటు పోయింది. లేతు స్విచ్చు కట్టకుండానే టీకి లోపలికెళ్లాను. కరెంటు రాగానే ప్లగ్గు తనంతట తాను ఆన్ అయి, ఎవరూ లేని షెడ్డులో మంచం కోడు గిర్రున తిరుగుతోంది. స్విచ్చు కట్టకపోవడం నా తప్పే. ప్లగ్గు సెట్టింగుల్లో "కరెంటు వచ్చాక ఆఫ్‌లోనే ఉండు" అనేది పెట్టుకోవచ్చు. అయినా, తిరిగే మిషనుని ఇంట్లో సోఫాలో కూర్చున్న పిల్లాడు ఫోను నొక్కి ఆన్ చేయగలిగే ఏర్పాటు నాకు నచ్చదు. లేతుకి కావలసింది కరెంటు పోతే పడిపోయి, మళ్లీ నొక్కితే గానీ లేవని స్టార్టరు.

## టంగ్ టెస్టర్

ఎలక్ట్రీషియన్లందరి దగ్గరా ఉండేదే. దవడ తెరిచి వైరు చుట్టూ వేస్తే ఆంప్స్ చూపిస్తుంది. ఆటోనగర్‌లో పనిచేసే మా పిన్ని కొడుకు దగ్గర తెచ్చుకుని, లేతు కేబులు చుట్టూ వేశాను. సున్నా. లేతు తిరుగుతోంది, టెస్టర్ సున్నా అంటోంది. బ్యాటరీ మార్చాను. మళ్లీ సున్నా. ఫోను చేస్తే నవ్వాడు: "అన్నయ్యా, కేబులు మొత్తం పట్టుకుంటే ఏమొస్తుంది? వెళ్లే కరెంటూ వచ్చే కరెంటూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఒక్క ఫేజు వైరే పట్టు." అందుకని ఒక పాత ఎక్స్‌టెన్షన్ పై తొడుగు ఒక జానెడు తీసి, లోపలి వైర్ల సొంత ఇన్సులేషన్ చెడకుండా ఫేజు వైరుని విడిగా బయటికి లాగి ఇచ్చాడు. ఇప్పుడు దాన్నే వాడతాను.

యూనిట్లు కొలవడానికి ఇది పనికిరాదు. ముందే చెప్పినట్టు మోటార్ల దగ్గర ఆంప్స్ మోసం చేస్తాయి. వాట్లు చూపించే పవర్ క్లాంపులున్నాయి గాని ఖరీదెక్కువ. దీని ఉపయోగం వేరే ఉంది: ఒక లైను మీద ఎంత భారం పడుతోంది, బేరింగు పట్టేసి మోటారు ఎక్కువ లాగుతోందా అని చూడ్డానికి. మిల్లీ ఆంప్స్ చూపించే రకమైతే ఆ సున్నా కూడా పనికొస్తుంది. ఫేజు, న్యూట్రల్ రెండూ కలిపి పట్టినప్పుడు సున్నా రాకుండా ఏదో అంకె వస్తోందంటే ఆ తేడా ఎర్తులోకి పోతోందని అర్థం.

## సబ్ మీటరు: చాలామందికి నా సలహా ఇదే

డీబీలో (ఇంట్లో కరెంటు లైన్లు విడిపోయే డబ్బా) ఎంసీబీల (కరెంటు ఎక్కువైతే పడిపోయే స్విచ్చులు) పక్కన అదే పట్టీ మీద కూర్చునే చిన్న మీటరు. షెడ్డుకి వెళ్లే లైను మీద పెడితే అక్కడ కాలిన ప్రతి యూనిటూ ఇందులో పడుతుంది. వైఫై అక్కర్లేదు, యాప్ అక్కర్లేదు, కరెంటు పోయినా రీడింగు చెరగదు.

రెండు రకాలొస్తాయి. యూనిట్లు మాత్రమే చూపేది, యూనిట్లతో పాటు వోల్టేజీ, ఆంప్స్, వాట్లు, పవర్ ఫ్యాక్టర్ కూడా చూపేది. రెండోది తీసుకోండి, ధరలో తేడా కొంచెమే. షెడ్డులో అన్నీ కట్టేసి ఒక్క మిషను వేస్తే ఆ మిషను వాట్లు మీటరు మీదే కనిపిస్తాయి. అంటే ప్లగ్గు వాట్ మీటరు పని కూడా ఇదే చేస్తుంది. నేను మొదట యూనిట్ల రకం తెచ్చి, ఆర్నెల్లకి విప్పించి మార్పించాను.

మీటరు మీద ఉన్న గరిష్ఠ ఆంప్స్ మీ షెడ్డు ఎంసీబీ కంటే ఎక్కువుండాలి. 25 ఆంప్స్ ఎంసీబీ అయితే 5-30 రాసున్న మీటరు సరిపోతుంది. మోటార్లున్న లైనుకి సీ రకం ఎంసీబీ వేయించండి, లేకపోతే కంప్రెషర్ లేచిన ప్రతిసారీ పడిపోతుంది. డబ్బా తెరుస్తున్నారు కాబట్టి 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే కట్టేసే స్విచ్చు) లేకపోతే అదే చేత్తో వేయించేయండి. చెమట చేతులతో ఇనుప మిషన్లు పట్టుకునే చోట మీటరు కంటే ముందు ఉండవలసింది అది. వైరు చివర్లకి తగరం పూత లగ్గులు (వైరు చివర తొడిగి నొక్కే లోహపు ముక్కలు) కొట్టించి, ఏడాదికోసారి మెయిన్ కట్టేసి స్క్రూలు బిగించి చూడండి.

బిగించేది మన డీబీ వైపునే. సర్వీసు మీటరు, దాని సీలు, దానికి ముందున్న వైర్లు మనవి కావు, వాటి మీద చెయ్యి వేయడం నేరం.

ఇక మా గొడవ. సబ్ మీటరు పెట్టిన మొదటి నెల షెడ్డు లెక్క 84 యూనిట్లు వచ్చింది. మా ఆవిడ ఏమీ అనలేదు, చూసిందంతే. నాకు నమ్మకం కుదరలేదు. నెలకి ముప్పై గంటలు తిరిగే లేతుకి 450 వాట్ల లెక్కన పద్నాలుగు యూనిట్లు దాటకూడదు. ఒక రాత్రి 10కి షెడ్డు మూస్తూ రీడింగు రాసుకున్నాను: 412.3. పొద్దున్న 6కి 413.0. ఎవరూ లేని షెడ్డు రాత్రంతా 0.7 యూనిటు తినేసింది. మరుసటి రాత్రి కుర్చీ వేసుకుని కూర్చున్నాను. నలభై నిమిషాలకోసారి కంప్రెషర్ తనంతట తాను లేచి, రెండు నిమిషాలు కొట్టి, పడుకుంటోంది. గొట్టం అతుకు దగ్గర సబ్బు నీళ్లు రాస్తే బుడగలు లేచాయి. స్విచ్చు కట్టకుండా వదిలేయడం నాకు అలవాటు, సన్నటి లీకు తోడైంది. రోజుకి రెండు యూనిట్లు, నెలకి అరవై పైన. అటు లేతూ కాదు, ఇటు ఏసీ కాదు. అతుకుకి వేసిన వాషరు ఖరీదు రాయడానికి కూడా బాగోదు. ఇప్పుడు షెడ్డు నెలకి ఇరవై, ఇరవై రెండు దగ్గర ఆగుతోంది.

## సీటీ కాయిల్ మానిటర్లు

వైరు చుట్టూ సీటీ (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్) అనే చిన్న కాయిల్ వేసి, వైఫై ద్వారా ఫోనుకి గ్రాఫు పంపే ఏర్పాటు. రెడీమేడ్‌గా దొరుకుతాయి. ఎలక్ట్రానిక్స్ చేతిలో ఉన్న కుర్రాళ్లు పీజెమ్-004టి బోర్డునీ ఈఎస్‌పీ32 చిప్పునీ కలిపి తామే చేసుకుంటారు. నూరు ఆంప్స్ దాకా కొలుస్తుంది, వోల్టేజీ, వాట్లు, యూనిట్లు, పవర్ ఫ్యాక్టర్ అన్నీ ఇస్తుంది. మా కంప్రెషర్ దొంగతనం దీనికైతే మొదటి రాత్రే గ్రాఫులో పళ్ల దువ్వెనలా కనబడేది, నేను కుర్చీలో జాగారం చేయనక్కర్లేకపోయేది. ఒప్పుకుంటాను.

అయితే ఆ బోర్డు మీద 230 వోల్టులు బయటికే ఉంటాయి. దాన్ని అట్టపెట్టెలో పెట్టి గోడకి వేలాడదీసినవాళ్లని చూశాను. సరైన డబ్బా లేకుండా షెడ్డులో పెట్టకండి. ఇంకోటి, కరెంటు అవుట్‌పుట్ ఇచ్చే సీటీని వైరు మీద ఉండగా దాని చివర్లు ఎప్పుడూ విడిగా వదలకూడదు, ప్రమాదకరమైన వోల్టేజీ పుడుతుంది. ఈ వాక్యం అర్థం కానివాళ్లు ఇది సొంతంగా చేయొద్దు.

## మీరెవరైతే ఏది

అద్దె ఇంట్లో ఉండి, పక్క గదిలో కుట్టు మిషనో చిన్న డ్రిల్లో పెట్టుకున్నవాళ్లు ప్లగ్గు వాట్ మీటరుతో ఆగండి. ఇల్లు మారితే వెంట పట్టుకెళ్లొచ్చు. ఇంటివాళ్ల డీబీ విప్పే పని పెట్టుకోకండి.

సొంత ఇల్లు, రెండు మూడు మోటార్లున్న షెడ్డు అయితే వాట్లు చూపే సబ్ మీటరు. దానితో పాటు వేరే ఏదీ అక్కర్లేదు.

ఒక్కసారి కుతూహలం తీర్చుకుంటే చాలనుకునేవాళ్లకి ఎర్ర లైటూ స్టాప్‌వాచ్ చాలు.

ఉండీ ఉండీ ఎంసీబీ పడిపోతోంది, మిషను తాకితే జివ్వుమంటోంది అంటే మీకు కావలసింది మీటరు కాదు, టంగ్ టెస్టరూ, ఇన్సులేషన్ పరీక్షించే మెగ్గరూ ఉన్న ఎలక్ట్రీషియన్.

త్రీఫేజు సర్వీసు ఉంటే, షెడ్డులో త్రీఫేజు మోటారు నడుస్తోందో లేక మూడు ఫేజుల నుంచి ఒకటి మాత్రమే షెడ్డుకి వెళ్తోందో ముందు చూడండి. ఒకటే వెళ్తోంటే పైన రాసిందంతా వర్తిస్తుంది. త్రీఫేజు మోటారే అయితే నాలుగు వైర్ల త్రీఫేజు సబ్ మీటరు తప్ప దారి లేదు. ఒక ఫేజు కొలిచి మూడుతో గుణించే లెక్క, పక్కనే సింగిల్ ఫేజు లైట్లూ గ్రైండరూ ఉన్న షెడ్డులో కుదరదు.

## డబ్బులు తీసుకుని పనిచేస్తుంటే

ఇంటి కనెక్షన్ మీద మన సరదా పనులు చేసుకోవడం వేరు, జాబ్ వర్కు తీసుకుని రోజూ షాపు నడపడం వేరు. రెండోదానికి ఇంటి టారిఫ్ వర్తించదు. 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షను ప్రకారం, అనుమతి ఇచ్చిన పనికి కాక వేరే పనికి కరెంటు వాడితే అనధికార వాడకం కిందికి వస్తుంది. అసలు పడవలసిన టారిఫ్‌కి రెట్టింపు వేస్తారు. ఎప్పటి నుంచో తేలకపోతే తనిఖీకి ముందు పన్నెండు నెలలకి లెక్క కడతారు. లోపల సబ్ మీటరు పెట్టుకున్నంత మాత్రాన కనెక్షన్ రకం మారదు. అలా నడపాలనుకుంటే ఏపీఈపీడీసీఎల్ (మా వైపు కరెంటు ఇచ్చే సంస్థ) సెక్షన్ ఆఫీసులో అడిగి షెడ్డుకి వేరే సర్వీసు తీసుకోండి. అప్పుడు కొలత బాధ్యతా వాళ్లదే, పైగా ఇంటి యూనిట్లు పై మెట్టుకి ఎక్కవు.

ఒప్పందం లోడు కూడా చూసుకోండి. సర్వీసు మీటరు తెరలు మారుతుండగా ఎండీ అని ఒక అంకె వస్తుంది, ఆ నెలలో పడ్డ గరిష్ఠ డిమాండు అది. సాధారణంగా అరగంట సగటు కాబట్టి మోటారు స్టార్టింగు దెబ్బలకి పెరగదు. కానీ ఏసీ నడుస్తుండగా అరగంట పాటు కంప్రెషరూ వెల్డింగూ కలిపి ఆడిస్తే బిల్లు మీద రాసున్న కిలోవాట్లని దాటేయొచ్చు. దాటుతూ ఉంటే అదనపు లోడుకి డబ్బు కట్టమని నోటీసు వస్తుంది. నేను ఏసీ వేసిన రాత్రుళ్లు వెల్డింగు పెట్టుకోవడం మానేశాను.